ఉద్దానం గోడు ఢిల్లీలో ఏ దారిన వినిపిస్తే మేలు?

పార్లమెంటు సమావేశాలు మొదలైతే చాలు, మన వాట్సాప్ గ్రూపుల్లో క్లిప్పులు దిగిపోతాయి. పైన ఎర్రక్షరాల్లో ‘లోక్‌సభలో గళమెత్తిన ఎంపీ’, కింద రెండు నిమిషాల ప్రసంగం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఎంపీ పనితనాన్ని మనం కొలిచేది చాలావరకు వాటితోనే. ఆ క్లిప్పుల్లో చాలావాటికి పుట్టిల్లు జీరో అవర్, అంటే సభ్యులు అత్యవసర విషయాలు లేవనెత్తే సమయం. ఊరి సమస్యను సభలో లేవనెత్తే దారుల్లో నా లెక్కలో దానికి మూడో స్థానం. మొదటి స్థానం ఎవరూ వీడియో తీయలేని అన్‌స్టార్డ్ ప్రశ్నకే, అంటే మంత్రి రాతలో జవాబిచ్చే ప్రశ్నకే ఇస్తాను.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతపు కిడ్నీ జబ్బునే తీసుకుందాం. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఏళ్ల తరబడి జనాన్ని పీల్చేస్తున్నా, కారణం ఫలానా అని ఇప్పటికీ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. హిరమండలం రిజర్వాయరు నుంచి తాగునీటి పథకమూ వచ్చింది. ఇవి రాష్ట్రం చేసిన పనులు. మరి ఢిల్లీని ఏమడగాలి, ఎలా అడగాలి?

జీరో అవర్‌లో మాట్లాడితే ఊళ్లో పేరొస్తుంది. మంత్రి మాత్రం అక్కడికక్కడ జవాబు చెప్పి తీరాలన్న నిబంధన లేదు. అలాగని అది దండగ అనను. 2018 చివర్లో గుజరాత్‌లోని వేరావల్ నుంచి వేటకెళ్లిన మన మత్స్యకారులు పాకిస్తాన్‌కు చిక్కారు. వాఘా దాటి వచ్చేసరికి 2020 జనవరి అయింది. అలాంటి కబురు అందిన రోజున ప్రశ్న రాసి పదిహేను రోజులు కూర్చోలేం, లేచి అరవాల్సిందే. ఉద్దానం అలాంటిది కాదు. పాతబడిన జబ్బుకు అరుపు పనిచేయదు.

అదే విషయాన్ని లోక్‌సభ 377 నిబంధన కింద రాసిచ్చి లేవనెత్తితే మంత్రిత్వ శాఖ నుంచి ఆనక ఉత్తరం రూపంలో జవాబొస్తుంది. జీరో అవర్ కంటే ఓ మెట్టు పైన అన్నమాట, అందుకే రెండో స్థానం.

ఇక ప్రశ్నలు. లోక్‌సభలో రోజుకు 20 స్టార్డ్ ప్రశ్నలు, 230 అన్‌స్టార్డ్ ప్రశ్నలు. స్టార్డ్ అయితే మంత్రి లేచి నోటితో చెప్పాలి, పైన అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు. వినడానికి ఇదే గొప్పగా ఉంటుంది. కానీ లాటరీలో పేరు రావాలి, వచ్చినా వరుసలో పైన ఉండాలి, ఆ రోజు సభ సజావుగా సాగాలి. మూడూ కలిసొచ్చే రోజు ఎప్పుడో ఒకటి. దాన్ని నమ్ముకోలేం. అన్‌స్టార్డ్‌కు సభ గొడవతో పని లేదు, వాయిదా పడ్డా జవాబు కాగితం మీదకొస్తుంది.

అసలు కిటుకు ప్రశ్న రాయడంలో ఉంది. ‘ఉద్దానంలో కిడ్నీ రోగులు పెరుగుతున్న మాట వాస్తవమేనా? ప్రభుత్వం తీసుకున్న చర్యలేమిటి?’ అని రాశారనుకోండి. జవాబు నేనిక్కడే చెప్పేస్తాను: ‘(ఎ), (బి): ప్రజారోగ్యం, ఆస్పత్రులు రాష్ట్ర అంశాలు...’ రెండు ప్రశ్నలకూ కలిపి ఒకటే పేరా. తప్పించుకునే తలుపు మనమే తీసి పెట్టినట్టు. అదే, ప్రధానమంత్రి జాతీయ డయాలసిస్ కార్యక్రమం కింద శ్రీకాకుళం జిల్లాలో ఎన్ని యంత్రాలు నడుస్తున్నాయి, గత మూడేళ్లలో ఏటా ఎన్ని సెషన్లు జరిగాయి, భారత వైద్య పరిశోధన మండలి ఇక్కడ ఏయే అధ్యయనాలకు ఎంత ఖర్చుపెట్టింది, వాటి నివేదికలు బయటపెట్టారా అని విడివిడిగా అడిగితే? పథకం కేంద్రానిది, మండలి కేంద్రానిది. ‘రాష్ట్ర అంశం’ అని ఒక్క ముక్కలో తేల్చేయడం కష్టం.

ఒకవేళ మంత్రి ‘సమాచారం సేకరిస్తున్నాం’, ‘పరిశీలనలో ఉంది’ అన్నా మంచిదే. అది హామీ కింద లెక్క. మూడు నెలల్లో తీర్చాలి, లేకపోతే ప్రభుత్వ హామీల కమిటీ వెంటపడుతుంది. గడువు పొడిగింపులు అడుగుతారు, నిజమే. అయినా ఎర్రక్షరాల క్లిప్పు వెనకాల ఇలాంటి కమిటీ ఏదీ ఉండదు.

మరి ప్రైవేటు మెంబరు బిల్లు, అంటే మంత్రి కాని సభ్యుడు సొంతంగా పెట్టే బిల్లు? స్వాతంత్ర్యం వచ్చాక చట్టాలైనవి 14. చివరిది 1970లో. శుక్రవారం మధ్యాహ్నం చర్చకు పెడతారు, అప్పటికి సగం మంది సభ్యులు ఊరి దారి పట్టి ఉంటారు. ఖజానా ఖర్చుతో ముడిపడితే రాష్ట్రపతి సిఫారసు కూడా కావాలి. ట్రాన్స్‌జెండర్ల హక్కులపై తిరుచ్చి శివ పెట్టిన బిల్లును 2015లో రాజ్యసభ ఆమోదించింది, ఆ తర్వాత 2019లో ప్రభుత్వమే సొంతంగా చట్టం తెచ్చింది. ఆలోచనను పది మంది నోళ్లలో నానబెట్టాలంటే బిల్లు పనికొస్తుంది. డయాలసిస్ మంచం కోసం ఎదురుచూసే మనిషికి పనికిరాదు.

ఇందులో మన జిల్లాలకు మాత్రమే ఉన్న ఓ మెలిక చెప్పాలి. శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు 2024 జూన్ నుంచి పౌర విమానయాన మంత్రి. మంత్రి అయ్యాక సభలో జవాబు చెప్పడమే తప్ప ప్రశ్న అడగడం ఉండదు. ‘మన ఎంపీ ఉద్దానం గురించి ఏటి అడిగాడు?’ అని టీకొట్టు దగ్గర గింజుకునేవాళ్లు ఇది గమనించాలి. కేబినెట్‌లో కూర్చున్న మనిషి తోటి మంత్రికి ఫోన్ చేయగలడు, ఫైలు కదిలించగలడు. అది చిన్న సంగతేం కాదు, కానీ రికార్డుకెక్కదు. పక్కన విజయనగరం ఎంపీ కలిశెట్టి అప్పలనాయుడు మంత్రి కాదు కాబట్టి ఆయనకు ఆ అడ్డు లేదు. రాజ్యసభ సభ్యులకూ లేదు. ప్రశ్న అడిగే సభ్యుడు ఆ నియోజకవర్గం వాడే కావాలన్న రూలూ లేదు.

కాబట్టి సోంపేట నుంచో కంచిలి నుంచో వినతిపత్రం పట్టుకెళ్లేవాళ్లు విజయనగరం బస్సెక్కడమే మంచిది. సమావేశాలకు నెల ముందే వెళ్లాలి, ప్రశ్నకు పదిహేను రోజుల నోటీసు కావాలి మరి. శాలువా, దండ ఇంట్లో వదిలేసి, నూటయాభై మాటలు మించని ప్రశ్న టైపు చేయించి తీసుకెళ్లండి.