పాలకొల్లులో అమ్మ సమాధికి పలక చేయించాం

నరసాపురం దగ్గర మా ఊళ్ళో సమాధుల తోట కాలవ గట్టు పక్కనే ఉంటుంది. వానాకాలం నేల మెత్తబడి సిమెంటు దిమ్మలు ఒరిగిపోతాయి, వాటి మీద రాసిన పేర్లు రెండేళ్ళకే చెరిగిపోతాయి. అందుకే అమ్మకి నల్ల గ్రానైటు పలక పెట్టిద్దామని పాలకొల్లులో ఒక రాతిపని షాపుకి వెళ్ళాం. మన డెల్టాలో రాయి ఎక్కడిది? చీమకుర్తి రాయి అని చూపించారు. రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు. చెక్కుడుతో కలిపి 6,500 రూపాయలు, ఆటో ఖర్చు మాదే.

పలక మీద చెక్కించే బైబిలు వాక్యం నాన్న ఎంచారు. చాలామంది "నీతికిరీటము" వాక్యం చెక్కిస్తారు. నాన్న మాత్రం ప్రకటన గ్రంథం 22:12 కావాలన్నారు. ప్రతివానికి వాని క్రియ చొప్పున ఇవ్వడానికి "నేను సిద్ధపరచిన జీతము నాయొద్ద ఉన్నది" అని ప్రభువు చెప్పే మాట అది. అమ్మ నలభై ఏళ్ళు లేసు అల్లింది. 2024లో నరసాపురం లేసుకి జీఐ ట్యాగ్, అంటే ఆ ప్రాంతపు సొంత సరుకన్న గుర్తింపు, వచ్చిందని పేపర్లో చూసి ఎంత సంబరపడిందో! కూలి మాత్రం ఎప్పుడూ దారం ఉండల లెక్కనే. మురికైందనో, కొలత తగ్గిందనో కోత పెట్టేవారు. అలాంటి రోజు అమ్మ ఒక్క మాటే అనేది: "ఆయన దగ్గర కోతలుండవే."

పలక తీసుకోవడానికి వెళ్తే "జీతము" ఉండాల్సిన చోట "జీవము" అని ఉంది. నాకు ఏడుపొచ్చేసింది. మేస్త్రిగారు కుర్రాణ్ణి పిలిచి అడిగారు. "దేవుడు జీతం ఇవ్వడమేంటి, తప్పు రాసుంటారని నేనే దిద్దానండి" అన్నాడు. మనసులో చెడు లేదు పాపం. బైబిలు తీసి చూపించాను. రక్షణ కృప వల్ల ఉచితంగా వచ్చేదే, కష్టపడి సంపాదించేది కాదు. కానీ నమ్మకంగా చేసిన పనిని ఆయన మరిచిపోడు, తిరిగి వచ్చినప్పుడు దానికి ఫలమిస్తాడు. ఆ ఫలానికే మన బైబిల్లో ఇక్కడ జీతం అని ఉంది. మేస్త్రిగారు చివరిదాకా విని, "ఇంకో పలక చేయిస్తానమ్మా, డబ్బులొద్దు" అన్నారు. పదకొండు రోజులు ఆలస్యమైంది, రెండుసార్లు ఫోన్ చేయాల్సొచ్చింది. కానీ రెండో పలక ఆయనే ఉలితో చెక్కారు. ఒత్తులు, గుణింతాలు ఎంత స్పష్టంగా వచ్చాయో, నాన్న కళ్ళజోడు లేకుండా చదివారు.

బిగించడానికి కూడా ఆయనే వచ్చారు. మా దగ్గర కాళ్ళు తూర్పుకి పెట్టి పూడుస్తారు. దేవుని బూర మోగి, క్రీస్తునందు మృతులైనవాళ్ళు మొదట లేచే వేళ, వచ్చే ప్రభువుకి ఎదురుగా లేవాలని. ఆ సంగతి చెప్పాక పలక ముఖం తూర్పుకి వచ్చేలా సరిచూసుకుని బిగించారు.

బంగారు రంగు మాత్రం వేయించుకోకండి. ఒక్క వానాకాలానికే మాకు సగం పోయింది. తెల్లరంగు నిలుస్తుందని ఇప్పుడంటున్నారు, అదేదో ముందే చెప్పాల్సింది. వాక్యం కాగితం మీద పెద్దక్షరాలతో రాసివ్వండి, చెక్కే ముందు అచ్చు చూపించమని అడగండి.

పలక కింద సగం నాన్న ఖాళీగా వదిలించారు. ఆ చోట పేరు చెక్కాల్సి వచ్చినప్పుడు పలక ఊడదీసి తేనక్కర్లేదట, ఉలి పట్టుకుని తానే తోటకి వస్తానన్నారు మేస్త్రిగారు.