హెచ్‌ఎంజీసీఆర్ యాంటీబాడీ: బ్లాట్‌కి బాగుంది, డెలివరీకి దండం

బరంపురం వైపు కొలెస్ట్రాల్ మీద పనిచేసేవాళ్ళెవరైనా ఇది కొనే ఆలోచనలో ఉంటే ముందు ఇది చదవండి. హెచ్‌ఎంజీ-కోఏ రిడక్టేజ్ (హెచ్‌ఎంజీసీఆర్) మీద కుందేలులో తయారైన పాలీక్లోనల్ యాంటీబాడీ ఇది, అంటే కణంలో కొలెస్ట్రాల్ తయారీకి కావాల్సిన, స్టాటిన్ బిళ్ళలు అడ్డుకునే ఎంజైముని వెతికి పట్టుకునేదన్నమాట. కంపెనీ పేరు ఇక్కడ వద్దులెండి.

బ్లాట్ అంటే ప్రోటీన్లని జెల్‌లో సైజు వారీగా విడదీసి యాంటీబాడీతో వెతకడం, అది పట్టుకున్నది బ్యాండుగా కనబడుతుంది. డేటాషీట్‌లో 97 కిలోడాల్టన్ల (ప్రోటీను సైజు కొలత) దగ్గర ఒక్కటే నల్లటి బ్యాండు. మా హెప్‌జీ2 (మనిషి కాలేయ క్యాన్సర్) కణాల్లోనూ అక్కడే వచ్చింది, కానీ ఆ సైజులో కణంలో ఇంకా బోలెడు ప్రోటీన్లుంటాయి, అందుకని బ్యాండు అందం చూసి నేను నమ్మను. లైపోప్రోటీన్లు (కొలెస్ట్రాల్ మోసే కణికలు) తీసేసిన సీరంలో స్టాటిన్ వేసి రాత్రంతా వదిలేస్తే కణానికి కొలెస్ట్రాల్ చాలక ఈ ఎంజైము బాగా పేరుకుంటుంది, కొలెస్ట్రాల్ లాంటి 25-హైడ్రాక్సీకొలెస్ట్రాల్ వేస్తే ఇన్సిగ్ ప్రోటీన్లు ఎంజైముని పట్టుకుని, ప్రోటీన్లని ముక్కలు చేసే ప్రోటియాజోమ్‌కి అప్పగిస్తాయి. బ్యాండు మొదటి దాంట్లో ముదరాలి, రెండో దాంట్లో పలచబడాలి. రెండూ జరిగాయి. ఇంతకుముందు వాడిన చవక సరుకులో మాత్రం ఏం వేసినా బ్యాండు అలాగే ఉండేది, అది పట్టుకున్నది ఏ ప్రోటీనో ఆ దేవుడికే తెలియాలి.

డేటాషీట్‌లో శాంపిల్‌ని 95 డిగ్రీల దగ్గర మరిగించమన్నారు, ఆ మాట మాత్రం వినకండి. ఈ ప్రోటీను ఈఆర్ (కణం లోపల వలలా అల్లుకున్న పొరలు) పొరలోంచి ఎనిమిదిసార్లు దూరి వెళ్తుంది, మరిగిస్తే గడ్డకట్టి బావి (జెల్‌లో శాంపిల్ పోసే గుంట) అంచు దగ్గరే ఆగిపోతుంది, జెల్ పైన మరక తప్ప ఏమీ మిగలదు. 37 డిగ్రీల్లో అరగంట పెడితే చాలు. ప్రోటీన్లని కోసే ఎంజైముల్ని ఆపే ప్రోటియేజ్ ఇన్హిబిటర్ కూడా తప్పనిసరి, లేకపోతే ముక్కలై కింద 60 చుట్టుపక్కల ఇంకో బ్యాండు వస్తుంది.

ఇక డెలివరీ. భువనేశ్వర్ దాకా బాగానే వచ్చి, మధ్యలో ఆదివారం తగిలి, మే ఎండలో ఎక్కడో పడుంది. కొరియర్ కుర్రాడు "అన్నా, మీ ఐస్ డబ్బా, కిందంతా తడి" అంటూ ఇచ్చాడు, తెరిస్తే జెల్ ప్యాకులు నీళ్ళ సంచుల్లా ఉన్నాయి. డీలర్‌కి ఫోన్ చేస్తే "ఏం కాదు సార్, రెండు రోజులు తట్టుకుంటుంది" అన్నాడు. నిజమే, తట్టుకుంది. అయినా అంత రేటు తీసుకుని, ఆదివారం అడ్డురాకుండా సోమవారం పంపడానికేం?

యాంటీబాడీ ద్రావణంలో గ్లిజరాల్ సగానికి సగం ఉంటుంది కాబట్టి మైనస్ 20లో గడ్డకట్టదు, కరెంటు పోయి వచ్చే మా ఊళ్ళో అదో సుఖం. ఇమ్యూనోఫ్లోరసెన్స్‌కి (కణంలో ప్రోటీను ఎక్కడుందో మెరుపుతో చూసే పద్ధతికి) మాత్రం కొనకండి, ఈఆర్ వలలా కనబడాల్సింది పోయి న్యూక్లియస్‌తో సహా కణమంతా మెరుస్తోంది.