రైలు పట్టా ముక్కే దాగలి: కొన్నేళ్లు వాడాక

ఇంట్లో కొలిమి పెట్టుకునేవాళ్లకి ముందుగా వినిపించే సలహా ఒకటుంది: "దాగలి ఎందుకు, రైలు పట్టా ముక్క ఉంటే చాలు" అని. కొన్నేళ్లుగా నేను దాని మీదే ఇనుము కొడుతున్నాను. సలహా మంచిదే. కాకపోతే చాలామంది ఆ ముక్కని పడుకోబెట్టి వాడతారు, సగం లాభం అక్కడే పోతుంది.

నాది మీటరుకు 60 కిలోల రకం. అరమీటరు కన్నా కాస్త తక్కువ పొడవు, పాతిక కిలోలు దాటుతుంది. పడుకోబెడితే చూడ్డానికి ముచ్చటైన చిన్న దాగలే. దెబ్బ వేస్తే తెలుస్తుంది అసలు సంగతి. పైన తల, కింద వెడల్పాటి పాదం, ఆ రెంటినీ కలిపే నడుము మందం 16.5 మిల్లీమీటర్లు. సుత్తి కింద ఉండాల్సిన బరువంతా పొడవునా పరుచుకుని ఉంటుంది. ముక్క అదురుతుంది, చెవులు గింగిరాలెత్తేలా మోగుతుంది. పైగా తల చదునుగా ఉండదు. చక్రం కోసం కాస్త గుండ్రంగా చేసి ఉంటుంది. అరిగిన పట్టా అయితే ఒక పక్కకి వాలి కూడా ఉంటుంది.

నిలబెట్టి, దుంగలో గుంట తొలిచి గట్టిగా దించితే అదే ముక్క వేరే పనిముట్టు. బరువంతా దెబ్బకి సూటిగా కిందే ఉంటుంది, మోత బాగా తగ్గుతుంది. కొట్టే చోటు తల అడ్డకోతే, వెడల్పు 72 మిల్లీమీటర్లు. చిన్నదే, కానీ మామూలు సుత్తి ముఖం అంతకన్నా చిన్నది కదా! నాకు బాగా నచ్చింది నడుము కోత. అంచులు గుండ్రంగా అరగదీశాక దాని మీద ఎర్రగా కాలిన కడ్డీ పెట్టి కొడితే పక్కలకి పరుచుకోకుండా పొడవుగా సాగుతుంది. పాదం చివర్లలో ఒకదాన్ని ఉలిలా పదును చేసుకున్నాను, వేడి కడ్డీలు తెంచడానికి.

లోపాలూ ఉన్నాయి. కడ్డీని గుండ్రంగా వంచడానికి దాగలికుండే కొమ్ము దీనికి లేదు, చిల్లు పొడవడానికి కింద రంధ్రం లేదు, వెడల్పాటి రేకు పని కుదరదు. పట్టా స్టీలులో కార్బన్ సాధారణంగా 0.7 నుంచి 0.8 శాతం దాకా ఉంటుంది కాబట్టి గ్యాస్‌తో కోసిన అంచు చప్పున చల్లారి గాజులా గట్టిపడుతుంది, ఆకురాయి జారిపోతుంది. ఆ పొరని ముందు గ్రైండర్‌తో తీసేయాలి. ముందుగా వేడి చేయకుండా దానికి వెల్డింగ్ జోలికి పోవద్దు, పగులుతుంది.

ముక్క ఎక్కడిది అంటారా? పాడుబడ్డ లైను కనిపించింది కదా అని కోసుకురాకండి. గడ్డి మొలిచినా, రైలు తిరగడం మానేసినా ఆ పట్టాకి సొంతదారు ఉంటారు, తెస్తే దొంగతనమే. లిఖిత అనుమతైనా ఉండాలి, తుక్కు దుకాణం బిల్లైనా ఉండాలి.

ఇక పట్టా మేకులతో కత్తులు చేద్దామనుకుంటే ఆశ తగ్గించుకోండి. వాటిలో కార్బన్ తక్కువ, పదును నిలవదు. కొక్కేలకి, చేయి తిరగడానికి బాగుంటాయి. పట్టాని బిగించి ఉంచే స్ప్రింగ్ క్లిప్పు దొరికితే మాత్రం వదలకండి. అది స్ప్రింగ్ స్టీలు, ఉలికీ పంచ్‌కీ బ్రహ్మాండంగా పనికొస్తుంది.