ఖాళీ కుర్చీల ముందు ఆడించిన సాఫ్ట్‌బాల్ షోకేస్

అయిదుకు రెండున్నర ఇస్తున్నాను. ఆ రెండున్నరా మైదానాలకూ అంపైర్లకూ. మిగతావి షెడ్యూలు దగ్గరా, కాలేజీ కోచ్‌ల జాబితా దగ్గరా పోయాయి. కాలేజీ కోచ్‌లు వచ్చి ఆటగాళ్లను చూసేందుకు పెట్టే షోకేస్ టోర్నమెంటుకు ఆ రెండే ప్రాణం కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను. నిర్వాహకుల పేరు రాయడం లేదు. ఈ లోపాలు చాలా చోట్ల ఉన్నవే.

జూన్ చివరి వారంలో డల్లాస్ శివార్లలో పదహారేళ్లలోపు అమ్మాయిలకు పెట్టిన షోకేస్ ఇది. మా అమ్మాయి క్యాచర్ (బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టే అమ్మాయి), ఇప్పుడే పదో తరగతి పూర్తిచేసింది. ఈ వేసవి ఎందుకంత ముఖ్యమో ఆటకు కొత్తవారికి చెప్పాలి. అమెరికా కాలేజీ క్రీడల్లో పై స్థాయి అయిన డివిజన్ 1 కోచ్‌లు పదకొండో తరగతిలో సెప్టెంబర్ 1 వచ్చేదాకా అమ్మాయితో గానీ ఇంట్లోవాళ్లతో గానీ రిక్రూటింగ్ (కాలేజీ జట్టులోకి తీసుకోవడం) ఊసు ఎత్తకూడదు. 2018లో కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ ఈ నియమం తేకముందు ఎనిమిదో తరగతి పిల్లలు కూడా ఫలానా కాలేజీకే వస్తామని మాట ఇచ్చేసేవారు. అది ఆగినందుకు తల్లిగా నాకు సంతోషమే. అయితే కోచ్‌లు మాట్లాడకూడదు గానీ, వచ్చి చూడవచ్చు. సెప్టెంబర్ 1న ఫోను మోగాలంటే జూన్, జులై నెలల్లోనే వాళ్ల కంట పడి ఉండాలి.

అందుకే షోకేస్‌లో గెలుపోటములకు పెద్దగా విలువ లేదు. కప్పు ఉండదు, ఫైనల్ ఉండదు. ఎవరు చూశారన్నదే లెక్క. పిల్లలు ముందుగానే కోచ్‌లకు ఈమెయిళ్లు రాసుకుంటారు: జెర్సీ నంబరు, హైస్కూలు పూర్తయ్యే సంవత్సరం, మార్కులు, వీడియో, ఏ మైదానంలో ఎన్ని గంటలకు ఆట. చివరి వివరం రాయాలంటే షెడ్యూలు చేతిలో ఉండాలి కదా. గురువారం ఉదయం మొదటి ఆట ఉంటే, షెడ్యూలు మంగళవారం రాత్రి పది దాటాక వచ్చింది. మా అమ్మాయి అర్ధరాత్రి దాకా కూర్చుని ఒక్కొక్కరికీ రాసింది. రెండు మూడు ప్రాంగణాలు తిరగాల్సిన కోచ్‌లు అప్పటికే ఎవరిని ఎప్పుడు చూడాలో నిర్ణయించుకుని ఉంటారు.

శుక్రవారం ఉదయం ఉరుములు మొదలయ్యాయి. ఉరుము వినిపించిన ప్రతిసారీ మళ్లీ 30 నిమిషాలు ఆగాలన్న నియమాన్ని కచ్చితంగా పాటించారు, పిల్లలందరినీ కార్లలోకి పంపించారు. అందుకు మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. నా బాధంతా ఆ తర్వాత జరిగినదాని గురించే. 75 నిమిషాల ఆటలను 50కి కుదించి, సగం జట్లను మరో ప్రాంగణానికి మార్చారు. మాకు వెంటనే మెసేజ్ వచ్చింది. కోచ్‌లు చూసుకునే యాప్‌లో మాత్రం మధ్యాహ్నం దాటినా పాత షెడ్యూలే ఉంది. ఆ సాయంత్రం ఒక డివిజన్ 2 కోచ్ నుంచి మా అమ్మాయికి ఈమెయిలు వచ్చింది (వాళ్లు జూన్ 15 నుంచే మాట్లాడవచ్చు). నాలుగో నంబరు మైదానం దగ్గర ఎదురుచూశాననీ, మీ జట్టు కనిపించలేదనీ రాశారు. మేము అప్పుడు కారులో పావుగంట దూరంలో ఉన్న ప్రాంగణంలో ఆడుతున్నాం.

ఆ ఆటలోనే మూడో ఇన్నింగ్స్‌లో మొదటి బేస్ నుంచి రన్నర్ రెండో బేస్‌కు దూసుకెళ్లింది. పిచ్చర్ (బంతి వేసే అమ్మాయి) విసిరిన బంతి నేలకు తగిలి కుడివైపు లేచింది. మా అమ్మాయి దాన్ని ఒంటితో ఆపి, మట్టిలోంచి తీసి, పూర్తిగా లేవకుండానే విసిరింది. హోం ప్లేటు (బ్యాటర్ నిలబడే చోటు) నుంచి రెండో బేస్‌కు దాదాపు 85 అడుగులు. బంతి క్యాచర్ గ్లవ్‌ను తాకిన క్షణం నుంచి అక్కడి ఫీల్డర్‌కు అందే వరకు పట్టే సమయాన్ని పాప్ టైమ్ అంటారు. క్యాచర్ల విషయంలో కోచ్‌లు ముందుగా చూసేది దాన్నే. రన్నర్ అవుటయింది. కంచె వెనక కోచ్‌ల కోసం వేసిన కుర్చీలన్నీ ఖాళీ. స్టాప్‌వాచ్ పట్టుకున్నది మా పిచ్చర్ వాళ్ల నాన్నగారు ఒక్కరే.

ప్రకటనలో వేసిన కాలేజీల జాబితా సంగతి మరొకటి. పెద్ద పెద్ద డివిజన్ 1 పేర్లన్నీ ఉన్నాయి. అవి ఆహ్వానించిన కాలేజీలు మాత్రమేనని అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. ఒప్పుకున్నవెన్ని, వచ్చినవెన్ని అని అడిగితే జవాబు లేదు. అసలు ఆ పేర్లు చూసి మురిసిపోయే కాలం కాదిది. 2025 నాటి హౌస్ ఒప్పందంలో (ఆటగాళ్ల చెల్లింపుల కేసులో ఎన్‌సీఏఏ కుదుర్చుకున్న రాజీలో) చేరిన కాలేజీల్లో సాఫ్ట్‌బాల్ జట్టు 25 మందికి మించకూడదు. 12 స్కాలర్‌షిప్పుల పాత పరిమితి పోయినా, ఉన్న స్థానాలకు వేరే కాలేజీల నుంచి మారి వచ్చే అమ్మాయిలతోనూ పోటీ పడాలి. శనివారం మా ఆట మొదటి నుంచి చివరి దాకా కూర్చుని చూసింది ఒక చిన్న డివిజన్ 3 కాలేజీ కోచ్. పిచ్చర్ వరుసగా ఇద్దరిని వాక్ చేసినప్పుడు (చెడ్డ బంతులు వేసి ఊరికే మొదటి బేస్‌కు పంపినప్పుడు) మా అమ్మాయి ఆట ఆపించి పిచ్చర్ దగ్గరికి వెళ్లి మాట్లాడటాన్ని కూడా ఆ కోచ్ రాసుకున్నారు. డివిజన్ 3లో క్రీడా స్కాలర్‌షిప్పులు ఉండవు, చదువును బట్టీ కుటుంబ ఆదాయాన్ని బట్టీ సాయం ఉంటుంది. చదువు ముఖ్యమనుకునే మన ఇళ్లకు అది మంచి దారి. జాబితాలో ఆ కాలేజీ పేరే లేదు!

ఖర్చు: జట్టుకు 1,900 డాలర్లు, పెద్దలకు రోజుకు 15 డాలర్ల టికెట్టు, పార్కింగ్ అదనం. హోటల్ గది నిర్వాహకులు చెప్పిన చోటే తీసుకోవాలి. అదే హోటల్ సొంత వెబ్‌సైట్‌లో రాత్రికి 40 డాలర్లు తక్కువ.

మంచి సంగతులు కూడా చెప్పాలి. అంపైర్లు దొరకక ఒక్కరితోనే నెట్టుకొచ్చే టోర్నమెంట్లు చూశాం. ఇక్కడ మా ప్రతి ఆటకూ ఇద్దరున్నారు. రోజూ పొద్దున్నే టేపు పట్టి 43 అడుగుల పిచింగ్ దూరాన్ని సరిచూశారు. ఎండకు కాలిపోయే టర్ఫ్ మీద క్యాచర్లు సొమ్మసిల్లకుండా ఐసు, నీళ్లు, ప్రథమ చికిత్సకు మనిషి ఎప్పుడూ అందుబాటులో ఉన్నారు. బాధ్యత తెలిసిన వాళ్లే. అందుకే ఇంత కోపం వస్తోంది.

తిరిగి వచ్చాక మా జట్టు కోచ్ నిర్వాహకులకు ఉత్తరం రాశారు. వచ్చే ఏడాది రుసుములో 300 డాలర్లు తగ్గిస్తామన్నారు. మేము తగ్గింపు అడగలేదు. షెడ్యూలు పది రోజుల ముందు ఇవ్వమన్నాం, మార్పులు మాకు పంపినప్పుడే కోచ్‌ల యాప్‌లోనూ పెట్టమన్నాం, వస్తామని ఒప్పుకున్న కాలేజీల పేర్లే ప్రకటించమన్నాం. ఈ మూడింటికీ రాతపూర్వకంగా హామీ వచ్చేదాకా మా జట్టు పేరు నమోదు చేయడం లేదు.