‘వెన్ ఎ ఉమన్ అసెండ్స్ ద స్టెయిర్స్’ డీవీడీ: హిదెకో తకమినేను తెలుసుకోవడానికి సరైన మొదటి మెట్టు

1929లో, ఐదేళ్ల వయసులో, షోచికు సంస్థ తీసిన మూకీ చిత్రంతో తెరమీదికి వచ్చి 1979లో నటన విరమించుకున్న జపాన్ నటి హిదెకో తకమినే సినిమాలను ఎక్కడ మొదలుపెట్టి చూడాలన్న ప్రశ్నకు, క్రైటీరియన్ సంస్థ 2007లో విడుదల చేసిన ఈ డీవీడీని నేను నిస్సంకోచంగా సూచిస్తాను. మికియో నరుసె 1960లో దర్శకత్వం వహించిన ఈ చిత్రం నాటికి ఆమె బాలనటిగా, యువతారగా సంపాదించుకున్న పేరును దాటి, పరిణతి చెందిన నటిగా శిఖరస్థాయిలో ఉన్నారు. నరుసెతో ఆమె చేసిన 17 చిత్రాలలో ఇదొకటి.

కథానాయిక కేకో టోక్యోలోని గింజా ప్రాంతంలో ఒక బార్‌ను నడిపించే వితంతువు. పై అంతస్తులోని ఆ బార్‌కు చేర్చే మెట్లు ఎక్కడమంటే ఆమెకు ప్రతి సాయంత్రమూ ఏవగింపే, అయినా ఎక్కక తప్పదు. అన్నకు డబ్బు కావాలి, అతని కొడుక్కి శస్త్రచికిత్స కావాలి, అందరి చూపూ ఆమె సంపాదన మీదే. చిన్ననాటినుంచీ తన సంపాదనతో బంధువులను పోషించిన తకమినేకు ఈ బరువు కొత్తది కాదు. అందుకేనేమో, డబ్బు అడిగించుకునే సన్నివేశాలలో ఆమె ముఖంలో కోపంకంటే ముందు అలసట కనిపిస్తుంది. కన్నీళ్లతో సానుభూతిని రాబట్టుకునే ప్రయత్నం ఎక్కడా లేదు. పెళ్లి చేసుకుంటానన్న మనిషి మోసగాడని అతని భార్య నోటనే విన్నప్పుడు, ఆమె నిలబడిన తీరులోనే ఆ అవమానమంతా తెలిసిపోతుంది. మసయుకి మోరి పోషించిన బ్యాంకు ఉద్యోగితో ఆమె సన్నివేశాలు మరింత పదునైనవి. ఈ జంటే 1955లో నరుసె తీసిన ‘ఫ్లోటింగ్ క్లౌడ్స్’లోనూ నటించిందని తెలిసి చూస్తే, వారి మధ్య మౌనాలకు అదనపు బరువు చేరుతుంది.

ఈ చిత్రానికి దుస్తుల బాధ్యత కూడా తకమినేదే. కేకో కిమోనోలు ఆమె హుందాతనాన్ని కాపాడే కవచాలు, ఆమె అప్పులను పెంచే ఖర్చులు కూడా. వాటిని ఎంచినది ఆ పాత్రధారిణే కావడం వల్ల ఆమె నటనకూ వేషధారణకూ మధ్య గీత గీయలేము.

నలుపు తెలుపుల విశాలతెర చిత్రాన్ని దాని అసలు నిష్పత్తిలోనే అందించారు. ఇరుకైన బార్‌లో కస్టమర్ల మధ్య ఆమె ఎంత ఒంటరిదో అర్థం కావడానికి ఆ వెడల్పు అవసరం. డొనాల్డ్ రిచీ ఆంగ్ల వ్యాఖ్యానం, మేనేజరు పాత్ర వేసిన తత్సుయ నకదాయ్‌తో ముఖాముఖి, ట్రైలర్ అదనంగా ఉన్నాయి. జపాన్ సినిమా గురించి దశాబ్దాలపాటు రాసిన రిచీ వ్యాఖ్యానాన్ని సినిమా ఒకసారి మామూలుగా చూశాకే వినడం మంచిది.

నా ప్రధాన ఫిర్యాదు ఒకటే: ఇంత సుదీర్ఘమైన నటజీవితం గురించి ప్రత్యేకమైన చిన్న డాక్యుమెంటరీ ఒక్కటీ ఇందులో లేదు. యుద్ధానికి ముందు ఆమె నటించిన ‘ఉమా’ గురించి గానీ, జపాన్ తొలి పూర్తి నిడివి రంగుల చిత్రంగా 1951లో వచ్చిన ‘కార్మెన్ కమ్స్ హోమ్’లో ఆమె చేసిన ఉల్లాసమైన పాత్ర గురించి గానీ కొన్ని దృశ్యాలతో చెప్పి ఉంటే, కేకో పాత్రలోని ఆ నిగ్రహం ఎంత సాధనతో వచ్చిందో కొత్త ప్రేక్షకుడికి తెలిసేది. వ్యాఖ్యానం ఎంత బాగున్నా ఈ లోటు తీరదు.

డిస్క్ ఉత్తర అమెరికా రీజియన్‌కు చెందినది, అంటే ఆ ప్రాంతపు ప్లేయర్ల కోసం చేసినది కనుక, కొనేముందు మీ ప్లేయర్ దాన్ని ఆడిస్తుందో లేదో చూసుకోవాలి. సబ్‌టైటిళ్లు ఆంగ్లంలో ఉన్నాయి. ఇది నచ్చినవారు తరువాత కీసుకే కినోషిత 1954లో తీసిన ‘ట్వెంటీ ఫోర్ ఐస్’ చూడాలి; షోదో ద్వీపంలోని బడిపంతులమ్మగా ఆమె అందులో దాదాపు ఇరవై ఏళ్ల జీవితాన్ని నటించారు, దాని డీవీడీ కూడా ఇదే సంస్థ విడుదల చేసింది.