రాత్రంతా రికార్డు చేశాక: కంప్యూటర్‌లోకి తెచ్చుకోవడంలో ఆరేళ్ల అనుభవం

ఆరేళ్లుగా నా దగ్గర ఒకటే రికార్డర్ ఉంది. అరచేతిలో పట్టేంత సైజు, పైన రెండు మైకులు, రెండు ట్రిపుల్ ఏ బ్యాటరీలు, పక్కన మైక్రో ఎస్‌డీ కార్డు. ఈ తరహావన్నీ దాదాపు ఒకేలా పనిచేస్తాయి కాబట్టి కంపెనీ పేరు రాయడం లేదు. దీంతో నేను రికార్డు చేసేవి ఎక్కువగా మా జనగామ వైపు ఒగ్గు కథలు, అంటే డోలు, తాళాలతో పాడుతూ చెప్పే జానపద కథలు. సౌండ్ గురించి, మైకుల గురించి చాలామంది రాస్తున్నారు. రికార్డు అయిన దాన్ని కంప్యూటర్‌లోకి తెచ్చుకునే పని గురించి మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోరు. నేను ఎక్కువ నష్టపోయింది అక్కడే.

మొదట వైరు సంగతి. కొత్తలో ఇంట్లో ఉన్న ఫోన్ వైరు తీసి రికార్డర్‌ని ల్యాప్‌టాప్‌కి పెడితే లైటు వెలిగింది, కానీ కంప్యూటర్‌లో ఏ డ్రైవూ కనిపించలేదు. రెండు రోజులు సాఫ్ట్‌వేర్ కోసం వెతికాను. తీరా చూస్తే లోపం వైరులో ఉంది. కొన్ని చవక వైర్లలో ఛార్జింగ్‌కి కావలసిన తీగలే ఉంటాయి, డేటా వెళ్లే తీగలు ఉండవు. వైరు మార్చాక రికార్డర్ స్క్రీన్ మీద కార్డు రీడరా, ఆడియో ఇంటర్‌ఫేసా అని అడిగింది. కార్డు రీడర్ అంటేనే ఫైళ్లు కనిపిస్తాయి. రెండోది నొక్కితే అది కంప్యూటర్‌కి మైకులా పనిచేస్తుందంతే.

అయినా ఇప్పుడు నేను వైరు వాడటం మానేశాను. నేను పెట్టుకున్న 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ నాణ్యత సెట్టింగ్‌లో వేవ్ ఫైలు (ధ్వనిని కుదించకుండా దాచేది) గంటకి ఒక జీబీ దాటుతుంది. ఐదు గంటల కథ అంటే ఐదు జీబీ పైనే. నా రికార్డర్‌లో వైరుతో ఇరవై నిమిషాలు దాటుతుంది, అంతసేపూ వైరు కదలకుండా చూసుకోవాలి. కార్డు బయటికి తీసి యూఎస్‌బీ 3 కార్డు రీడర్‌లో పెడితే రెండు నిమిషాల్లో అయిపోతుంది. కాకపోతే ఆ కార్డు గోరంత ఉంటుంది. తెల్లవారుజామున నిద్రకళ్లతో తీస్తే చేజారుతుంది, అందుకే కింద తెల్ల తువ్వాలు పరుచుకుని తీస్తాను. ఆరేళ్లు తీసి పెట్టడంతో కార్డు దగ్గర రబ్బరు మూత కూడా వదులైంది. టేపు అంటించి నెట్టుకొస్తున్నాను.

పెద్ద రికార్డింగ్ ఒకే ఫైలుగా రాదు. నా రికార్డర్‌లో రెండు జీబీ దాటగానే, అంటే ఈ సెట్టింగ్‌లో సుమారు రెండు గంటలకి, ఇంకో ఫైలు మొదలవుతుంది. ఒకసారి బీరప్ప కథలో సరిగ్గా కథానాయిక కామరాతి పేరు ఎత్తుకుని రాగం తీస్తున్న చోట ఫైలు తెగింది. మొదటి ఫైలు ‘కామ’ దగ్గర ఆగింది, రెండోది ‘రాతి’తో మొదలైంది. ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో రెండూ పక్కపక్కన పెట్టి, స్క్రీన్ మీద తరంగాన్ని బాగా పెద్దది చేసి చూశాను. డోలు దెబ్బ మోగి తగ్గుతున్న గీత ఎక్కడా విరగకుండా ఇటు నుంచి అటు సాగింది. నాకు చాలా సంతోషమేసింది. ముక్కలు కలిపేటప్పుడు మధ్యలో ఖాళీ వదలకూడదు, శబ్దాన్ని మెల్లగా తగ్గించే, పెంచే ఫేడ్‌లాంటివి పెట్టకూడదు. అంతే చాలు.

ఇక మూడో ఏడు జరిగింది చెప్పాలి. అప్పటికి ఇంకా వైరే వాడుతున్నాను. కాపీ అవుతుండగా వైరు కదిలినట్టుంది, నేను గమనించలేదు. ఫోల్డర్‌లో మూడు ఫైళ్ల పేర్లూ ఉన్నాయి, సైజులూ కనిపిస్తున్నాయి. మర్నాడు ఇంకో ఊళ్లో కథ ఉందన్న తొందరలో కార్డు ఫార్మాట్ చేసి వెళ్లిపోయాను. అక్కడ గంటసేపు రికార్డు చేశాక ఇంటికొచ్చి వింటే, ముందు రోజు మొదటి ఫైలు నలభై నిమిషాల తర్వాత నిశ్శబ్దం. ఫోటోరెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో కార్డు వెతికితే మిగతా రెండు ఫైళ్లూ మళ్లీ దొరికాయి. కావలసిన ఆ మొదటిది మాత్రం కొత్త రికార్డింగ్ కింద పడి చెరిగిపోయింది. ఎనభై నిమిషాల కథ పోయింది. ఆ కథ చెప్పిన పెద్దాయనకి చెబితే, “మళ్ల చెప్త తియ్ బిడ్డా, గట్ల బాధపడకు” అన్నారు. ఆ తర్వాత చెప్పారు కూడా, కానీ గొంతు సహకరించక సగం నిడివికే ముగించారు.

అప్పటి నుంచి ఎంత అలసటగా ఉన్నా ప్రతి ఫైలూ తెరిచి మొదట్లో, మధ్యలో, చివర్లో కాసేపు వింటాను. ఇంకో కాపీ బయటి హార్డ్ డిస్కులో వేస్తాను. రెండు చోట్లా విన్నాకే ఫార్మాట్, అదీ కంప్యూటర్‌లో కాదు, రికార్డర్‌లోనే. దానికి కావలసిన ఫోల్డర్లు అదే వేసుకుంటుంది. కట్ చేసి పేస్ట్ చేయడం పూర్తిగా మానేశాను, ఎప్పుడూ కాపీయే. కార్డులు రెండు కొన్నాను, రెండూ 32 జీబీవి. ఒకటి పనిలో ఉంటే ఇంకోటి డబ్బాలో ఉంటుంది కాబట్టి ఫార్మాట్‌కి తొందర పడాల్సిన పని లేదు. ఆ టెన్షన్ పోవడమే పెద్ద ఊరట.

తేదీ విషయంలో రికార్డర్‌ని నమ్మకండి. బ్యాటరీలు తీసి కొన్నాళ్లు పక్కన పెడితే నా దాంట్లో గడియారం మొదటికొస్తుంది, కంప్యూటర్‌లో ఫైళ్లన్నీ ఎప్పటివో అన్నట్టు కనిపిస్తాయి. అందుకే రికార్డింగ్ మొదలుపెట్టగానే ఊరి పేరు, తేదీ, కథ చెప్పేవారి పేరు నేనే మైకులో పలుకుతాను. ఆ రాత్రే ఫైలు పేరు కూడా మారుస్తాను. వారం ఆగితే ఏది ఏ ఊరిదో గుర్తుండదు.

చోటు కలిసొస్తుందని ఎంపీ3లో రికార్డు చేయమని కొందరు సలహా ఇస్తారు. నేనైతే ఒప్పుకోను. డోలు, తాళాలు ఒక్కసారిగా మోగే చోట అది వివరం మింగేస్తుంది, తర్వాత తిరిగి తెచ్చుకోలేం. ఎంపీ3 కాపీ మాత్రం తప్పకుండా ఒకటి చేస్తాను, కథకుల ఇంటికి పంపడానికి. వాళ్ల పిల్లలకి ఫోన్‌లో తెరుచుకునేది కావాలి. పెద్దాయన మళ్లీ చెప్పిన కథనీ, మిగిలిన ఆ నలభై నిమిషాలనీ విడివిడిగా రెండు ఫైళ్లుగా పంపాను. ఆయన మనవడు రెండూ దాచుకున్నాడు.