జాగ్రత్త: మూడు నెలల పర్షియన్ కూన అని చెప్పి ఐదు వారాల కూనను అంటగడుతున్నారు

విజయనగరం, శ్రీకాకుళం, పార్వతీపురం వైపు పర్షియన్ పిల్లికూన కోసం చూస్తున్నవాళ్లు డబ్బు పంపే ముందు దయచేసి ఇది చదవండి. విశాఖలో ఇంట్లోనే బ్రీడింగ్ చేస్తామని చెప్పుకునే ఒకరి దగ్గర ఈమధ్య మేము ఒక ఆడ కూనను తీసుకున్నాం. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి పేరు రాయడం లేదు. కానీ అవే ఫొటోలు, అవే మాటలు వేరే నంబర్ల నుంచి మన జిల్లాల వాళ్లకి ఇంకా వస్తూనే ఉన్నాయి.

మా ఇంట్లో పర్షియన్లు ఎప్పటినుంచో ఉన్నాయి. హైదరాబాద్, బెంగళూరు షోలకి తీసుకెళ్తుంటాం. మా మగపిల్లికి జోడీగా మంచి లైన్ నుంచి ఒక ఆడదాన్ని తేవాలనుకున్నాం. వాళ్లు చెప్పింది ఇది: నల్ల రంగు, పంచ్ ఫేస్ (ముక్కు లోపలికి నొక్కినట్టుండే చదును ముఖం), మూడు నెలలు నిండాయి, పెడిగ్రీ సర్టిఫికెట్ (వంశావళి కాగితం) ఉంది, వ్యాక్సిన్లన్నీ అయిపోయాయి. వీడియో కాల్‌లో తల్లి అంటూ ఒక పిల్లిని కూడా చూపించారు. ధర పాతిక వేలు, సగం ముందు, సగం కూన బయల్దేరాక. ఇంటికొచ్చి చూస్తామంటే ఒకసారి పెళ్లి పనులన్నారు, ఒకసారి ఊళ్లో లేమన్నారు. "తెలిసినవాళ్లు ట్రైన్‌లో తెస్తారు మేడమ్, మీరు స్టేషన్‌కి వస్తే చాలు" అన్నారు.

విజయనగరం స్టేషన్‌లో పళ్లబుట్ట మూత తీస్తే లోపల పాత తువ్వాలు మీద ముడుచుకుని ఉంది. ఒక్క అరచేతిలో పట్టేసింది. బొచ్చు కింద వెన్నెముక చేతికి తగులుతోంది. తోక కింద విరేచనం ఎండి అట్టకట్టింది. కళ్లు చిక్కటి నీలం. ఇంటికి తెచ్చి వంటింటి కాటా మీద కూర్చోబెడితే 480 గ్రాములు తూగింది.

బరువు లెక్క అందరూ గుర్తుపెట్టుకోండి. కూన పుట్టినప్పుడు సుమారు 100 గ్రాములుంటుంది, ఆ తర్వాత వారానికి దాదాపు 100 గ్రాములు పెరుగుతుంది. ఎనిమిది వారాలకి 800, 900 గ్రాముల దగ్గర ఉండాలి. మూడు నెలలకి కిలో దాటాలి. కొంచెం అటూ ఇటూ ఉండొచ్చు గానీ, సగం కూడా లేదంటే వయసు అబద్ధమైనా అయి ఉండాలి, కూనకి జబ్బైనా ఉండాలి. మా విషయంలో రెండూ నిజమే.

కళ్ల సంగతీ అంతే. పుట్టిన ప్రతి కూనకీ కళ్లు నీలంగానే ఉంటాయి, ఆరేడు వారాల నుంచి అసలు రంగు దిగడం మొదలవుతుంది. నల్ల పర్షియన్‌కి చివరికి వచ్చేది రాగి రంగు. హిమాలయన్ లాంటి పాయింటెడ్ పిల్లులకీ (ముఖం, చెవులు, కాళ్లు, తోక మాత్రమే ముదురు రంగులో ఉండేవి), కొన్ని తెల్లవాటికీ తప్ప నీలం నిలబడదు. అయినా "బ్లూ ఐస్ స్పెషల్" అని ఎక్కువ రేటు అడుగుతున్నారు. నల్ల కూనకి నీలి కళ్లు ఉన్నాయంటే అది ఇంకా తల్లి దగ్గర ఉండాల్సిన వయసుదే. డాక్టర్ గారు నోరు తెరిచి చూసి, "వెనక పాలపళ్లు ఇప్పుడిప్పుడే వస్తున్నాయమ్మా, ఐదు వారాలు దాటి ఉండదు" అన్నారు.

రెండు రోజులకే తిండి మానేసింది. నీళ్ల గిన్నె దగ్గరికి వెళ్లి తల వాల్చుకుని కూర్చునేది, తాగేది కాదు. తర్వాత పసుపు నురగ వాంతులు, రక్తంతో విరేచనాలు. రక్తపరీక్షలో తెల్ల కణాలు బాగా పడిపోయాయి. పాన్‌ల్యూకోపీనియా. కుక్కపిల్లలకి వచ్చే పార్వో లాంటిదే, పిల్లులకి వచ్చే వైరస్ జబ్బు అన్నమాట. ఇది సోకాక సాధారణంగా కొన్ని రోజులు గడిచాకే, వారం, పది రోజుల లోపు బయటపడుతుంది. మా పిల్లులన్నిటికీ ఏటా టీకాలు అవుతాయి, వాటికి ఏమీ కాలేదు. అంటే కూన ఆ ఇంటి నుంచి వచ్చేటప్పుడే జబ్బుతో వచ్చింది. సెలైన్ పెట్టించాం, రాత్రంతా కాపలా కాశాం, దక్కలేదు. మా అమ్మాయి ఇప్పటికీ ఆ బుట్ట వైపు చూడదు. ఫోన్ చేస్తే, "మీ ఇంట్లో వాతావరణం పడలేదు" అని కట్ చేసి బ్లాక్ చేశారు.

ఇక బుట్టలో పెట్టి పంపిన కాగితాలు. మందపాటి కాగితం, బంగారు రంగు ముద్ర, నాలుగు తరాల పేర్లు, చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. అందులో తండ్రి బ్లూ, తల్లి బ్లూ, కూన నలుపు! బ్లూ అంటే నలుపే పలచబడిన రంగు, ఆ జన్యువు రెండు వైపుల నుంచీ వస్తేనే కనిపిస్తుంది. రెండు బ్లూ పిల్లులకి నల్ల కూన పుట్టదు. టీకా కార్డు మీద సీసా స్టిక్కర్ లేదు, బ్యాచ్ నంబర్ లేదు, అంతా పెన్నుతో రాసిందే. వాళ్లు రాసిన పుట్టిన తేదీ ప్రకారమే చూసినా రేబిస్ టీకా ఏడో వారంలో వేసినట్టుంది. అది వేసేది 12 వారాలు నిండాకే.

శ్రీకాకుళంలో ఒకరికి "కేసీఐ పేపర్లు" అని చెప్పారట. కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా కుక్కలకి సంబంధించింది, పిల్లులకి కాదు. పిల్లుల పెడిగ్రీ అంటే డబ్ల్యూసీఎఫ్, సీఎఫ్ఏ, టీఐసీఏ లాంటి సంస్థలకి చెందిన క్లబ్ నుంచి రావాలి. రిజిస్ట్రేషన్ నంబర్ తీసుకుని నేరుగా ఆ క్లబ్‌నే అడగండి. బ్రీడింగ్ ఆలోచన లేకుండా ముచ్చటకి పెంచుకునేవాళ్లు కాగితాల కోసం అదనంగా ఒక్క రూపాయి కూడా పెట్టకండి. కాగితాలు లేని పిల్లిని కూడా షోలో హౌస్‌హోల్డ్ పెట్ విభాగంలో నిలబెట్టొచ్చు. బ్రీడింగ్‌కే అయితే తల్లిదండ్రుల పీకేడీ డీఎన్ఏ రిపోర్ట్ అడగండి. పర్షియన్లలో కిడ్నీల నిండా నీటి తిత్తులు వచ్చే జబ్బు అది. తల్లిలో గానీ తండ్రిలో గానీ ఒక్కరిలో ఉన్నా కూనలకి రావొచ్చు.

తల్లిని కళ్లతో చూడకుండా అడ్వాన్స్ వేయొద్దు, వీడియో కాల్ చాలదు. ఈనిన పిల్లికి చనుమొనలు ఉబ్బి ఉంటాయి, తర్వాత బొచ్చు బాగా రాలుతుంది. మాకు చూపించినదానికి నిగనిగలాడే నిండు బొచ్చు. షాపులో కొనేవాళ్లకి ఇంకో మాట: 2018 పెట్ షాప్ రూల్స్ ప్రకారం షాపు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్టర్ అయి ఉండాలి, ఎనిమిది వారాల లోపు కూనను అమ్మకూడదు.

ఇప్పటికే కూన ఇంటికి వచ్చేసి ఉంటే వేరే గదిలో ఉంచండి, గిన్నెలు, లిట్టర్ ట్రే అన్నీ వేరుగా. డల్‌గా ఉండి వాంతి చేసుకుంటే తెల్లారేదాకా ఆగొద్దు. మన విజయనగరం జిల్లా గరివిడిలో పశువైద్య కళాశాల ఉందని కూడా గుర్తుంచుకోండి. ఇల్లు ఫినాయిల్‌తో కడగకండి, పాన్‌ల్యూకోపీనియా వైరస్ దానికి చావదు, పైగా ఫినాయిల్ పిల్లులకి విషం. ముందు మామూలుగా కడిగి, ఒక వంతు బ్లీచ్‌కి ముప్పై వంతుల నీళ్లు కలిపి పది నిమిషాలు తడిగా ఉంచి, తర్వాత మళ్లీ నీళ్లతో తుడవండి. ఈ వైరస్ ఇంట్లో ఏడాది దాకా బతుకుతుంది, కాబట్టి టీకాలు పూర్తికాని ఇంకో కూనను ఆ ఇంటికి తేవొద్దు.

డబ్బు పోయినవాళ్లు ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో మీరు ఉండే చోటి నుంచే కేసు వేయొచ్చు, ఐదు లక్షల లోపు కొనుగోలుకి ఫీజు లేదు, రెండేళ్ల గడువుంది. చాట్లు డిలీట్ చేయకండి. కూనను కాటా మీద పెట్టి బరువు కనిపించేలా ఫొటో తీయండి, డాక్టర్ గారితో అంచనా వయసు, తేదీ వేసి చీటీ రాయించుకోండి. మా ఫిర్యాదులో గట్టిగా నిలిచినవి ఆ రెండే.